విప్పిన బండి

పాత కార్ల గురించి తెలుగులో వచ్చే వ్యాసాలకు ఒక అలవాటు ఉంది. అవి నిజాము రోల్స్ రాయిసుతో మొదలవుతాయి. ఏదో షెడ్డులో దుమ్ముపట్టి పడివున్న బండి, దాన్ని గుర్తుపట్టిన ఒక ఔత్సాహికుడు, కొన్నేళ్ళ కష్టం, చివరికి కొత్త రంగుతో ర్యాలీలో మెరుస్తున్న బొమ్మ - ఇదీ వరస. ఇవన్నీ చదివితే బాగుపడిన కార్లకే చరిత్ర ఉంటుందేమో అనిపిస్తుంది. కానీ ఏ ఊళ్ళోనైనా నాలుగు పదుల అనుభవమున్న మెకానిక్కును అడిగి చూడండి, పూర్తిగా విప్పిన బండ్లలో తిరిగి బిగించినవి ఎన్ని అని. ఆయన నవ్వి ఊరుకుంటాడు. సగంలో ఆగిపోయిన బండ్లు ఏమవుతాయి? వాటిని ముక్కలుగా అమ్మడం ఓటమా, లేక దానికీ ఒక న్యాయం ఉందా? గోదావరిఖనిలో ఒక అంబాసిడరును అలా అమ్మే పని నా మీద పడినప్పటి నుండి ఈ ప్రశ్న నన్ను వదలలేదు. అందుకే ఈ టపా.

అలవాటు ప్రకారం నేను కూడా నిజాము దగ్గరే మొదలుపెడతాను, కానీ వేరే కారణంతో. ఆరో నిజాము మహబూబ్ అలీ ఖాన్ తెప్పించుకోదలచి, 1911లో ఆయన మరణించాక ఏడో నిజాముకు చేరిన సింహాసనపు రోల్స్ రాయిసు గురించి అందరికీ తెలుసు. పసుపు రంగు, గుమ్మటం లాంటి పైకప్పు, వెనుక సింహాసనం వంటి ఆసనం. అది ఇప్పుడు చౌమహల్లా ప్యాలెసులో చూడవచ్చు. అది బాగుపడిన కారు. బాగుపడని వాటి సంగతి చివరి నిజాము ముకర్రం జా జీవితచరిత్రలో కనిపిస్తుంది. జాన్ జుబ్రిస్కీ రాసిన ఆ పుస్తకం 2006లో వచ్చింది. 1967లో ముకర్రం జాకు వారసత్వం దక్కేనాటికి గ్యారేజీలో 60 కార్లున్నాయట. వాటి పెట్రోలుకూ విడిభాగాలకూ ఏటా భారీ బిల్లు వస్తోంది. నడిచే స్థితిలో ఉన్నవి మాత్రం నాలుగు. పట్టాభిషేకం నాడు ఆయనను మోయాల్సిన కారు కూడా మొరాయించింది. నడవని 56 కార్లకు ఏటా విడిభాగాలు కొంటున్నట్టు లెక్క రాసిన గ్యారేజీ అది! సంపన్నుడి గ్యారేజీలోనే లెక్క ఇలా ఉంటే, సామాన్యుడి రేకుల షెడ్డులో ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

రాజధాని దాటి బొగ్గు ప్రాంతానికి వద్దాం. సింగరేణి కథ చాలామందికి తెలిసిందే కాబట్టి త్వరగా చెబుతాను. 1871లో భూగర్భ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి గనుల హక్కులు దక్కాయి, 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ పేరు వచ్చింది. 1945లో హైదరాబాదు ప్రభుత్వం అధిక వాటాలు కొన్నది. నేడు రాష్ట్రానికి 51 వంతులు, కేంద్రానికి 49 వంతులు. ఇల్లందు, కొత్తగూడెం, బెల్లంపల్లి పాత తరం గనులు. అవి రైలు యుగంలో పుట్టాయి. కంపెనీ ఊళ్ళు రైలుకట్టను పట్టుకుని పెరిగాయి. ప్రయాణమంటే రైలు, సరుకంటే రైలు. రోడ్డు రవాణా తరువాత వచ్చింది. నిజాం రైల్వే వారి రోడ్డు రవాణా విభాగం 1932లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. ఆ నాటి ఆల్బియన్ బస్సు ఒకటి బాగుచేయించి హైదరాబాదులో బస్ భవన్ దగ్గర ఉంచారు. మిగిలిన 26 బస్సులు ఏమయ్యాయి? ఆ ప్రశ్నకు జవాబు ఎక్కడా రాసి ఉండదు. తుక్కుకు పోయిన వాహనానికి సమాధి రాయి ఉండదు.

రామగుండం గనులు దీనికి భిన్నం. కాజీపేట - బల్లార్షా రైలుమార్గం 1929లో పూర్తయినా, గోదావరి ఒడ్డున గనులు తెరిచింది 1960 ప్రాంతంలోనే. "ఖని" అన్న మాటే పేరులో పెట్టుకుని గోదావరిఖని ఊరుగా ఎదిగింది. అంటే ఈ ఊరు, అంబాసిడరు కారు దాదాపు ఒకే ఈడువి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీసు అచ్చులతో హిందుస్థాన్ మోటార్స్ వారు కలకత్తా పక్కన ఉత్తరపారాలో అంబాసిడరును 1957లో మొదలుపెట్టారు. బ్రిటనులో ఆ మోడలు మూడేళ్ళకే పాతబడి పోయింది. మన దగ్గర అది 2014 మే నెల దాకా తయారైంది. 57 ఏళ్ళు! మధ్యలో ముఖం మారింది, ఇంజను మారింది, పేర్ల చివర అంకెలు మారాయి. 1960ల మొదట్లో మార్క్-2, 1975లో మార్క్-3, 1979లో మార్క్-4, 1990లలో ఇసుజు ఇంజనుతో మరో రకం. పైనున్న గుండ్రటి ఆకారం మాత్రం మారలేదు.

ఎందుకు మారలేదన్నది ఆర్థిక చరిత్ర. 1953లో టారిఫ్ కమిషను సిఫారసుల తరువాత, విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించడానికే పరిమితమైన విదేశీ కంపెనీలకు చోటు లేకుండా పోయింది. ఫోర్డు, జనరల్ మోటార్సు వెళ్ళిపోయాయి. కారంటే ఇక మూడే: అంబాసిడరు, బొంబాయి ఫియట్టు, మద్రాసు స్టాండర్డు. 1959లో కార్ల పంపిణీ, అమ్మకాల మీద నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. డబ్బు చేతిలో ఉన్నా పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి వేచి ఉండాలి. కొత్త కారు దొరకని దేశంలో పాత కారుకు చావు ఉండదు. చావనివ్వరు. దానికి మందు కావాలి. ఆ మందు పేరే విడిభాగం.

ఇక్కడే మన కథకు కీలకమైన ఒక వ్యాపారం పుడుతుంది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం వదిలిపోయిన జీపులు, లారీలు "డిస్పోజల్స్" పేరిట వేలాల్లో అమ్ముడుపోయాయి. కొన్నవారు వాటిలో మంచివి నడిపారు, మిగిలినవి విప్పారు. కలకత్తాలో మల్లిక్ బజారు, మద్రాసులో పుదుపేట, ఢిల్లీలో మాయాపురి, మన వైపు విజయవాడ ఆటోనగరు, హైదరాబాదులో రాణీగంజు - పాత సామాను కావాలన్న ప్రతివాడికీ ఈ పేర్లు తీర్థక్షేత్రాల్లాంటివి. కరీంనగరు, వరంగల్లు, మంచిర్యాల మెకానిక్కులు చీటీ మీద నంబరు రాసుకుని రాత్రి బస్సెక్కేవారు. మర్నాడు రాత్రికి గోనెసంచిలో గేరుబాక్సుతో దిగేవారు.

ఈ విద్య మనకే ప్రత్యేకం కాదు. క్యూబాలో విప్లవం తరువాత అమెరికా ఆంక్షలు విధించడంతో, 1950ల నాటి షెవర్లేలు దశాబ్దాల పాటు సోవియట్ ఇంజన్లతో నడిచాయి. వాటిని చూసి ప్రపంచం ముచ్చటపడింది. కానీ ఒక్క షెవర్లే నడవడానికి వెనుక ఎన్ని షెవర్లేలు విడిపోయి ఉంటాయో పర్యాటకుల ఫొటోల్లో కనిపించదు. కొరత ఉన్నచోట ప్రతి బతికిన బండీ మరొక బండి శవం మీద నిలబడి ఉంటుంది. ఇది కటువుగా వినిపించవచ్చు, కానీ పాత కార్ల చరిత్రలో మొదటి సూత్రం ఇదేనని నా నమ్మకం.

బొగ్గు ప్రాంతంలో అంబాసిడరు అంటే హోదా. గని మేనేజరు, డాక్టరు, కంట్రాక్టరు, సంఘం నాయకుడు - తెల్ల అంబాసిడరు వచ్చి ఆగితే ఎవరో ఒక "పెద్ద సారు" దిగాడని అర్థం. దాన్ని ఇష్టపడటానికి మరో కారణం రోడ్డు. బొగ్గు లారీలు నలిపేసిన రోడ్ల మీద, ఎత్తయిన అడుగు, పదిహేనంగుళాల చక్రాలు, మొద్దు స్ప్రింగు పట్టీలతో అది కుదురుగా పోయేది. చెడితే ఊళ్ళోనే బాగయ్యేది. 1973 తరువాత పెట్రోలు ధర పెరగడంతో డీజిలు మోజు మొదలైంది. చాలా బండ్లలో అసలు పెట్రోలు ఇంజను దించేసి ఏదో ఒక డీజిలు ఇంజను ఎక్కించారు. దించిన ఇంజన్లు మూలన పడి తుప్పుపట్టాయి లేదా కొలిమికి పోయాయి. ఆనాడు అది తెలివైన పని. ఈనాడు పాత కార్ల ప్రియులు వెతికేది మాత్రం సరిగ్గా ఆ దించేసిన ఇంజన్ల కోసమే. 1983 డిసెంబరులో మారుతి వచ్చింది. తరువాతి కథ మీకు తెలుసు. 2023 ఏప్రిల్ 1 నుండి పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ, ప్రభుత్వ రంగ సంస్థల వాహనాల రిజిస్ట్రేషను కొనసాగించరాదన్న నిబంధన అమలులోకి వచ్చింది. ఆఫీసుల ఆవరణల్లో మిగిలిన తెల్ల అంబాసిడర్లకు అది చివరి చీటీ.

ఇప్పుడు నా మీద పడిన బండి సంగతి. మా మేనమామ గనుల వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఆ తరువాత ఒక కంట్రాక్టరు కుటుంబం దగ్గర 1960ల చివరి నాటి మార్క్-2 అంబాసిడరు కొన్నాడు. ఇంటి వెనుక రేకుల షెడ్డు వేసి, ఒక్కొక్క బోల్టూ విప్పి, డబ్బాల్లో పెట్టి, పేర్లు రాసి, పని మొదలుపెట్టాడు. ఇంజను పూర్తయింది. సిలిండర్లు బోరు కొట్టించాడు, క్రాంకు గ్రైండు చేయించాడు, కొత్త పిస్టన్లు వేశాడు. అది దించేయకుండా మిగిలిన అసలు 1489 సీసీ పెట్రోలు ఇంజను. స్టీరింగు పక్కన ఉండే గేరు కర్ర, గేరుబాక్సు కూడా సిద్ధం. వైరింగు సగం. తలుపులు టింకరింగు అయి ప్రైమరు దాకా వచ్చాయి. 2019లో ఆయన పోయాడు. నాలుగేళ్ళు షెడ్డు తాళం తీయలేదు. తీసేసరికి నేల, పక్కల కింది అంచులు చేత్తో నొక్కితే రాలుతున్నాయి.

ఇక్కడ కాస్త యంత్రశాస్త్రం చెప్పక తప్పదు, ఎందుకంటే నిర్ణయమంతా దాని మీదే ఆధారపడింది. కార్లు రెండు రకాలు. ఒక రకంలో కింద విడిగా ఒక ఇనుప చట్రం ఉంటుంది, దాని మీద డొల్లను బోల్టులతో బిగిస్తారు. జీపు అలాంటిది. మద్రాసులో 1961 నుండి తయారైన స్టాండర్డ్ హెరాల్డు కూడా అలాంటిదే. దాని రెక్కలు, డిక్కీ, పైకప్పు కూడా విప్పవచ్చు. రెండో రకంలో విడి చట్రం ఉండదు. రేకులన్నీ కలిపి వెల్డు చేసిన డొల్లే చట్రం. అంబాసిడరు ఈ రకం. నేల రేకు, పక్కల కింద పెట్టెల్లాగా ఉండే అంచులు, నడుమ సొరంగం - ఇవన్నీ బరువు మోసేవే. హెరాల్డులో నేల తుప్పుపడితే నేల మారుస్తాం. అంబాసిడరులో నేల తుప్పుపడితే కారు వెన్నెముకే పోయినట్టు. అతుకు వేయవచ్చు, కానీ వేసేటప్పుడు డొల్ల వంగకుండా కింద కొలతల ప్రకారం ఆధారాలు బిగించాలి. లేకపోతే తలుపులు పట్టవు, చక్రాలు ఒక వరసలో ఉండవు. ఆ పని చేయగల టింకరు మేస్త్రులు మా ప్రాంతంలో ఇద్దరు ముగ్గురు ఉండేవారు. మిగిలిన ఒక్కాయన వచ్చి, సుత్తి పిడితో నాలుగుచోట్ల తట్టి, "పానం పోయింది సారూ. ఇంజను బంగారమున్నది, పెట్టుకోనీకి ఇల్లు లేదు" అన్నాడు.

అమ్మకానికి మూడు దారులు కనిపించాయి. ఒకటి, ఉన్నదున్నట్టు మొత్తంగా అమ్మడం. రెండు, తూకానికి వేయడం. మూడు, విడదీసి అమ్మడం. మొదటిదానికి వచ్చిన బేరాలు తుక్కు ధరకు కొంచెం ఎక్కువ, అంతే. ఇందులో మోసమేమీ లేదు. విప్పిన బండి కొనేవాడు కారును కాదు, పనిని కొంటున్నాడు. డబ్బాల్లో అన్నీ ఉన్నాయో లేదో అతనికి తెలియదు. ముందువాడు ఏ బోల్టు ఎక్కడ పెట్టాడో తెలియదు. తెలియనిదానికంతా అతను ధర తగ్గిస్తాడు. ఆగిపోయిన పనిలో పెట్టిన శ్రమకు సంతలో విలువ సున్నా. అదే శ్రమ ఒక్కొక్క భాగంలో మాత్రం నిలిచి ఉంటుంది. కొలతలు చూపగల క్రాంకు, తిప్పి చూపగల గేరుబాక్సు, వంకర లేని బంపరు - వీటిని పరీక్షించవచ్చు కాబట్టి ధర పలుకుతుంది. అందుకే అసంపూర్తి బండి మొత్తం ధర కన్నా దాని ముక్కల ధర ఎక్కువ. పూర్తయిన బండికి సరిగ్గా ఇది తిరగబడుతుంది.

లెక్క మూడో దారినే చూపింది. కానీ అత్తయ్య ఒప్పుకోలేదు. "ఆయన అన్నేండ్లు చేసింది ముక్కలు చేసి అమ్ముతవా కొడుకా? ఉండనియ్యి, నేనున్నన్ని దినాలు ఉంటది" అన్నది. ఆ మాటకు లెక్కలతో జవాబు చెప్పడం సభ్యత కాదు. నేను ఊరుకున్నాను.

జవాబు ఆ షెడ్డులోనే దొరికింది. మామయ్య ఒక లెడ్జరు పుస్తకం పెట్టాడు. వర్క్‌షాపు మనిషి కాబట్టి గీతలు గీసి వరసలు కట్టాడు: భాగం పేరు, ఎక్కడ కొన్నది, ఎంత, చివరి వరసలో "ఏ బండిది". నేను మొదట ధరలు చూడటానికే తెరిచాను. ఆ నాలుగో వరస చదువుతుంటే చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. ఎడమ ముందు తలుపు వరంగల్లులో విప్పిన ఒక టాక్సీది. కార్బురేటరు మంచిర్యాలలో ఒక డాక్టరు గారి బండిది. డాష్‌బోర్డు గడియారాలు ఆటోనగరులో కొన్నవి, "లాండ్‌మాస్టరుది కావచ్చు" అని పక్కన ప్రశ్నార్థకం. వెనుక ఇరుసు, డిక్కీ మూత, హారను - ప్రతిదానికీ ఒక పూర్వజన్మ. లెక్కపెడితే తొమ్మిది బండ్లు తేలాయి. ఆయన బాగుచేస్తున్నది ఒక కారును కాదు. తొమ్మిది చచ్చిన కార్లను పదో కారులో బతికిస్తున్నాడు. ఎవరో ఒకరు తమ బండిని ముక్కలుగా అమ్మి ఉండకపోతే ఆయన పని మొదటి వారమే ఆగిపోయేది.

ఆ వరసను అత్తయ్యకు చదివి వినిపించాను. ఆమె బొగ్గుబావుల మధ్య పుట్టి పెరిగిన మనిషి, వాళ్ళ నాన్న భూమి లోపల టింబరు పని చేసినవాడు. విని, కొంతసేపు ఆగి, "అంటే పిల్లర్లు తీసుడే గదా" అన్నది.

ఆ మాట గని పనివారికి ఎంత లోతైనదో తెలియనివారికి చెప్పాలి. భూగర్భ గనిలో మొదట సొరంగాలు తవ్వుతూ, మధ్యలో బొగ్గు స్తంభాలను వదిలేస్తారు. అవే పైకప్పును మోస్తాయి. గని హద్దు దాకా వెళ్ళాక, వెనక్కి వస్తూ ఆ స్తంభాలనే తవ్వుకుంటారు. తవ్వేటప్పుడు పైకప్పుకు దుంగలు, చాకులు నిలబెడతారు. ఒక ముక్క తవ్వడం అయ్యాక ఆ దుంగలను కూడా లాగేస్తారు. అప్పుడు వెనుక కప్పు కూలుతుంది. ఆ కూలిన చోటును గోఫు అంటారు. బయటివారికి ఇది వినాశనంలా కనిపిస్తుంది. నిజానికి కూలవలసిన కప్పు కూలకుండా వేలాడితేనే ప్రమాదం. దాని బరువంతా ఇంకా మనుషులు పనిచేస్తున్న చోటి మీద పడుతుంది. అందుకే ఆధారాలు తీసే పనికి గని చట్టాల్లో ప్రత్యేక నియమాలున్నాయి. ఎవరు తీయాలో, ఏ వరసలో తీయాలో, ఎక్కడ నిలబడాలో నిర్ణయించి ఉంటుంది. తీయగలిగిన ఇనుము, మోటార్లు, పట్టాలు, పంపులు ముందే బయటికి తెచ్చుకుని, మరో గనికి పంపుతారు. గని చావడం ఒక పద్ధతి ప్రకారం జరిగే పని. అది చేసేవాళ్ళు సిగ్గుపడరు, ఏడవరు. జాగ్రత్తగా ఉంటారు.

అదే చూపుతో ఊరిని చూస్తే, రామగుండమంతా ఈ కథే. బొగ్గుతో ఎరువు తయారుచేసే కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి, 1999లో మూతపడింది. దాన్ని "పునరుద్ధరించాలి" అని ఏళ్ళ తరబడి అడిగాం. చివరికి అదే చోట 2021లో ఉత్పత్తి మొదలుపెట్టి, 2022 నవంబరులో ప్రధాని జాతికి అంకితం చేసిన కర్మాగారం కొత్తది, బొగ్గుతో కాక సహజవాయువుతో నడిచేది. అందరం పునరుద్ధరణ అనే అన్నాం. యంత్రాల లెక్కలో చూస్తే అది పునరుద్ధరణ కాదు, పునర్జన్మ. 1971 నాటి 62.5 మెగావాట్ల బి-థర్మల్ కేంద్రం అర్ధశతాబ్దం దాటి నడిచి 2024లో ఆగిపోయింది. ఒక్కొక్క యంత్రానికి ఒక్కొక్క ముగింపు. కొన్ని బాగవుతాయి. కొన్నిటి చోట కొత్తవి వస్తాయి. కొన్ని విడిపోయి పంచబడతాయి. వీటిలో మొదటిదాన్ని మాత్రమే విజయమనుకోవడం పత్రికల అలవాటు.

చట్టం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి పని చేయబోయేవారికి పనికొస్తుంది. కారును ముక్కలుగా అమ్మినంత మాత్రాన కాగితాల్లో అది చావదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 55వ సెక్షను ప్రకారం, వాహనం నాశనమైనా, శాశ్వతంగా పనికిరాకుండా పోయినా యజమాని 14 రోజుల్లో రిజిస్ట్రేషను అధికారికి తెలిపి, ధ్రువపత్రాన్ని అప్పగించాలి. చాలామంది ఈ పని చేయరు. చేయకపోతే చాసిస్ నంబరు కొట్టిన రేకు ఎవరి చేతికో చిక్కి, దొంగబండికి కొత్త పేరు కావచ్చు. కొనడానికి వచ్చినవారిలో ఒకరు ఆ రేకు, కాగితాలు మాత్రమే అడిగారు. ఇంజనుకు ఇస్తానన్న ధర కన్నా వాటికి ఇస్తానన్నది ఎక్కువ. ఇవ్వలేదు. 2021 సెప్టెంబరులో నమోదైన తుక్కు కేంద్రాలకు నియమాలు వచ్చాయి. అక్కడ డొల్లను అప్పగిస్తే ఒక ధ్రువపత్రం ఇస్తారు. తూకం ధర బజారులో కన్నా తక్కువ అనిపించినా, పేరు మీద ఉన్న బరువు దిగుతుంది.

అదే ఏడాది జులైలో ఇంకో నియమం వచ్చింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్ళు దాటిన రెండు, నాలుగు చక్రాల సొంత వాహనాలను "వింటేజి"గా నమోదు చేసుకోవచ్చు. నంబరులో వీఏ అన్న అక్షరాలు వస్తాయి. రుసుము 20,000 రూపాయలుగా పెట్టారు, పదేళ్ళ గడువు. షరతు ఏమిటంటే డొల్ల, చాసిస్, ఇంజనులలో పెద్ద మార్పులు ఉండకూడదు. మామయ్య బండికి వయసు సరిపోయింది, ఇంజను అసలుదే. డొల్ల నిలిచివుంటే ఆ పలక దానికి దక్కేది. ఈ నియమం మంచిదే. కానీ మన ప్రాంతాల్లో పాత బండ్లు బతికిందే మార్పులతో. డీజిలు ఇంజను, లారీ హారను, జీపు ఇరుసు - బతకడానికి వేసుకున్న ఆ అతుకులే ఇప్పుడు వాటిని వారసత్వపు జాబితాలోకి రానివ్వవు. షెడ్డులో ఉండి పాడవని కారు అసలు కారు. ఊరికి నలభై ఏళ్ళు సేవ చేసిన కారు కల్తీ కారు. ఈ విచిత్రాన్ని ఎవరైనా ఆలోచించాలి.

అమ్మకానికి మూడు నెలలు పట్టింది. ఇంజను, గేరుబాక్సు విడదీయకుండా కలిపి ఇవ్వాలని అత్తయ్య షరతు పెట్టింది. అవి ఖమ్మం వైపు ఒక మార్క్-2కు పోయాయి. దానిలో ఎప్పుడో ఎక్కించిన డీజిలు ఇంజను దించి దీన్ని పెట్టారు. తలుపులు నాలుగూ కరీంనగరు వెళ్ళాయి. వరంగల్లు టాక్సీ తలుపు ఇప్పుడు మూడో కారుకు ఉంది. కార్బురేటరు, డిస్ట్రిబ్యూటరు, డైనమో హైదరాబాదుకు. స్టీరింగు చక్రం ఒక కాలేజీ కుర్రాడు కొన్నాడు. అతనికి కారు లేదు, కొంటానన్నాడు. టింకరు మేస్త్రి డబ్బు తీసుకోకుండా మామయ్య చేయించుకున్న సుత్తులు, డాలీలు అడిగాడు, ఇచ్చేశాం. చివరికి మిగిలిన డొల్లను తుక్కు కేంద్రానికి పంపాం. గ్యాస్ కట్టరుకు అది అరపూట పని. ఆ నాడు అత్తయ్య షెడ్డు వైపు రాలేదు. మర్నాడు ఊడ్పించి, తులసికోట అక్కడికి మార్చుతానన్నది.

చరిత్ర రాసేవారు పూర్తయిన వస్తువులను ఇష్టపడతారు. కోటలు, రాగిరేకులు, మ్యూజియంలో కార్లు. పంచుకోబడిన వస్తువుకు చరిత్ర రాయడం కష్టం, ఎందుకంటే అది ఒకచోట ఉండదు. అయినా బొగ్గు ప్రాంతపు రోడ్ల మీద అర్ధశతాబ్దం తిరిగిన అంబాసిడర్ల నిజమైన చరిత్ర ర్యాలీల్లో లేదు. అది మెకానిక్కుల చీటీల్లో, ఆటోనగరు బిల్లుల్లో, లెడ్జరుల్లో నాలుగో వరసలో ఉంది. మీ ఊళ్ళో పాత గ్యారేజీ ఏదైనా మూతపడుతుంటే, బండి ఎలాగూ పోతుంది, ఆ పుస్తకాలు మాత్రం తుక్కుకు పోనివ్వకండి. దొరికితే నాకూ ఒక మాట తెలియజేయండి.

మామయ్య పుస్తకం నా దగ్గరే ఉంది. ఆయన గీసిన నాలుగు వరసల పక్కన స్కేలు పెట్టి ఐదోది గీశాను. దాని పైన "ఏ బండికి" అని రాశాను. ఇరవై మూడు గడులు నిండాయి. హారను ఇంకా అమ్ముడుపోలేదు.